ఓపెన్‌డిస్లెక్సిక్ పెట్టినా తెలుగు అక్షరం మారడం లేదు. వర్క్‌షీట్లకు ఏ ఫాంటు, ఎంత ఎడం?

పలకా_బలపం
మూడో తరగతి పిల్లలకు వర్క్‌షీట్లు చేస్తున్నా. ఆరుగురికి డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) అని నిర్ధారణ అయింది. పైన తెలుగు వాక్యం, కింద ఇంగ్లీషు వాక్యం ఉంటాయి. వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి ఓపెన్‌డిస్లెక్సిక్ అనే డిస్లెక్సియా ఫాంటు పెడితే ఇంగ్లీషు మారింది, తెలుగు ఎలా ఉందో అలాగే ఉంది. లైన్ స్పేసింగ్ 1.5 పెడితే పేజీలో నాలుగు వరసలు తక్కువ పడుతున్నాయి, అంత అవసరమా అనిపిస్తోంది. అక్షరాల మధ్య ఎడం పెంచుదామంటే పాత అనూ ఫాంటు ఫైళ్ళలో ఒత్తులు పక్కింటికి పోతున్నాయి. ఫాంటు, సైజు, ఎడం, ఈ మూడూ తేల్చి చెప్పండి. "పిల్లల ఇష్టం" అనకండి, ఫొటోకాపీకి ఇచ్చేది ఒకటే కాగితం.

ఫాంట్ల_పిచ్చి
ఓపెన్‌డిస్లెక్సిక్‌లో తెలుగు అక్షరాలు లేనే లేవు. ఫాంటులో అక్షరం లేకపోతే వర్డ్ చప్పుడు చేయకుండా వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. మీరు చూస్తున్నది బహుశా గౌతమి లేదా నిర్మలా యూఐ. దానికి తోడు వర్డ్ తెలుగును "కాంప్లెక్స్ స్క్రిప్ట్" కింద లెక్కేస్తుంది. ఫాంట్ డైలాగ్‌లో కింద దానికి వేరే పెట్టె ఉంటుంది. స్టైల్‌లో లాటిన్‌కి, అంటే ఇంగ్లీషు అక్షరాలకు మాత్రమే సైజు మారిస్తే తెలుగు పాత సైజులోనే కూర్చుంటుంది. రెండు పెట్టెలూ నింపండి.

అరసున్న
మారకపోవడమే మంచిదైంది. ఆ ఫాంటు చేసింది లాటిన్ జబ్బుకి. బి, డి, పి, క్యూ చిన్నబడి అక్షరాలు నాలుగూ ఒకే ఆకారం, అటూ ఇటూ తిప్పినట్టు ఉంటాయి. తిరగబడకుండా అడుగు బరువుగా చేస్తే ఆగుతాయన్నది ఆలోచన. మనకు అద్దంలో తిప్పితే ఇంకో అక్షరమయ్యే అక్షరం ఏది? మన చిక్కు వేరు.

బండి_ఱ
అరసున్న గారూ, మీరు వాడుక నుంచి పోయి ఎన్నాళ్ళో అయింది, ఇంకా పోస్టులు పెడుతున్నారా

అరసున్న
ముందు మీ సంగతి చూసుకోండి 🙂 కీబోర్డులో మీ మీట ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

రెమిడియల్_వైజాగ్
ఫాంటు చర్చ మొదలయ్యే ముందు ఒక మాట. డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. అక్షరాలు గెంతడం, తిరగబడడం అన్నది సినిమా బొమ్మ. అసలు ఇబ్బంది ధ్వనిని అక్షరంతో ముడిపెట్టడంలో, ఆ ముడి వేగంగా గుర్తు రావడంలో ఉంటుంది. కాబట్టి ఏ ఫాంటూ మందు కాదు. పేజీ చేయగలిగింది అడ్డం తీసెయ్యడం.

అడ్డం తీయడంలో దేనికి రుజువుందో, దేనికి లేదో చూద్దాం. క్రిస్టియన్ బూర్ అనే డచ్ డిజైనర్ 2008లో డిస్లెక్సీ ఫాంటు చేశాడు. అబెలార్డో గొన్జాలెజ్ 2011లో ఓపెన్‌డిస్లెక్సిక్ ఉచితంగా ఇచ్చాడు. తర్వాత పరీక్షలు జరిగాయి. 2013లో రెల్లో, బేజా యేట్స్ 48 మంది డిస్లెక్సియా ఉన్నవాళ్ళతో 12 ఫాంట్లు చదివించి కంటి కదలిక కొలిచారు. ఏరియల్, హెల్వెటికా, వెర్డానా, కొరియర్ లాంటి మామూలు ఫాంట్లు బాగా నిలిచాయి, వాలు అక్షరాలు దెబ్బ తీశాయి, ఓపెన్‌డిస్లెక్సిక్ వల్ల చెప్పుకోదగ్గ లాభం రాలేదు. 2017లో వెరీ, డిలిబెర్టో అదే ఫాంటుతో పిల్లల్ని పరీక్షిస్తే వేగమూ పెరగలేదు, తప్పులూ తగ్గలేదు.

గట్టిగా నిలిచింది ఎడం. 2012లో జోర్జీ బృందం ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలు 74 మందితో 14 పాయింట్ల టైమ్స్ అక్షరాల మధ్య 2.5 పాయింట్లు అదనంగా ఇచ్చి చదివించింది. శిక్షణ ఏమీ లేదు. తప్పులు దాదాపు సగమయ్యాయి, వేగం 20 శాతం పైన పెరిగింది. పక్క అక్షరాలు మీద పడి గుర్తించనివ్వకపోవడాన్ని కిక్కిరిత అందాం. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఆ బాధ ఎక్కువ.

గుంటూరుకారం
నేను చూసిన ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇద్దరు డిస్లెక్సీ ఫాంటుతో నిజంగానే బాగా చదువుతున్నారు. అది కూడా భ్రమేనా?

రెమిడియల్_వైజాగ్
భ్రమ అననక్కర్లేదు. ఆ ఫాంటులోనే ఎడం ఎక్కువ పెట్టి ఉంచారు. 2016లో మరీనస్ బృందం చేసింది అదే: ఏరియల్‌కు కూడా అంతే ఎడం ఇచ్చి పోల్చారు. తేడా మాయమైంది. లాభం ఎడానిది, పేరు ఫాంటుది. పిల్లకు నచ్చితే వాడనివ్వండి, నష్టం లేదు. డబ్బు పెట్టి కొనొద్దు, అంతే.

ఫాంట్ల_పిచ్చి
ఇక తెలుగు. అరసున్న గారన్న "మన చిక్కు వేరు" ఏంటో విప్పుతా. మన అక్షరాల్లో తేడా మోసేది చిన్న గీత, చిన్న చుక్క, చిన్న మెలిక. అది కనబడకపోతే అక్షరమే మారిపోతుంది.

కింది గీత: ద–ధ, డ–ఢ, చ–ఛ, ప–ఫ. సన్నటి ఫాంటులో ఇది పోతుంది, లావు ఫాంటులో అక్షరానికి అతుక్కుపోతుంది. బ–భ కాస్త నయం, భకు తలకట్టు కూడా ఉంది, బకు లేదు.
లోపలి చుక్క: ర–ఠ, ధ–థ. ఇంకు కాస్త పాకితే చాలు, చుక్క మింగుడుపడుతుంది.
లోపలి మెలిక: ప–ష–స, ఘ–ఝ.
నెత్తి: కి–కీ, తి–తీ, కె–కే, కొ–కో. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక తోక. మి–మీ, యి–యీ అయితే దీర్ఘం పక్కకు వస్తుంది కాబట్టి ఆ జతల్లో తప్పులు తక్కువ.
అన్నిటికన్నా పాత చిక్కు: మ–వు. వకు మామూలుగా కొమ్ము తగిలిస్తే మ అయిపోతుంది. అందుకే వు, పు రెండింటికీ కొమ్ము కింది నుంచి మొదలెట్టి రాస్తాం. కొన్ని అలంకారపు ఫాంట్లు ఆ కింది వంపును కురచ చేస్తాయి. వాటిని వర్క్‌షీటు దరిదాపులకు రానివ్వకండి.

కాబట్టి ఫాంటు ఎంచేటప్పుడు అడగాల్సింది "డిస్లెక్సియా ఫాంటా?" అని కాదు, ఈ జతలు విడివిడిగా కనిపిస్తున్నాయా అని. నోటో సాన్స్ తెలుగు రెగ్యులర్ నా మొదటి ఓటు. గీత మందం అంతటా దాదాపు ఒకటే, లోపలి ఖాళీలు పెద్దవి. రెండోది హింద్ గుంటూరు, రెగ్యులర్ లేదా మీడియం. మండలి కూడా పరవాలేదు, కానీ ఒకే బరువులో వస్తుంది. రామభద్ర, ధూర్జటి శీర్షికలవి, లక్కిరెడ్డి చేతిరాత. అవి పెళ్ళిపత్రికలకు ఉంచండి.

నూలుపోగు
అనేక్ తెలుగు మర్చిపోయారు. అది వేరియబుల్ ఫాంటు. బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా ఎక్కడైనా ఆపుకోవచ్చు. వెడల్పు 110 దగ్గర ఆపితే అక్షరం లోపలి ఖాళీ కూడా పెరుగుతుంది. ఎడం పెంచితే అక్షరాల బయట మాత్రమే గాలి ఆడుతుంది, ఇది లోపల కూడా. మనకు చుక్కలు, మెలికలు ఉండేది లోపలే కదా.

ఫాంట్ల_పిచ్చి
నిజమే, ఒప్పుకుంటున్నా. అయితే వర్డ్‌లో ఆ వెడల్పు మీట దొరకదు. ఇన్‌డిజైన్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో చేసుకోవాలి, లేదా వెబ్ పేజీగా చేసి ప్రింటు తీయాలి.

డీటీపీ_రామం
సైజు గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచనల్లో 12 నుంచి 14 పాయింట్లు అని ఉంది. అది చూసి తెలుగుకు కూడా 14 పెట్టేస్తారు. అక్కడే దెబ్బ. తెలుగు ఫాంటులో పైన గుడికి, కింద రెండంతస్తుల ఒత్తుకి చోటు ఉంచాలి కాబట్టి అసలు అక్షరం ఒళ్ళు చిన్నదైపోతుంది. పాయింట్లు నమ్మకండి, స్కేలు పట్టుకోండి.

14 పాయింట్ల ఏరియల్‌లో చిన్నబడి ఎక్స్ ఎత్తు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. మన ద ఒళ్ళు, అంటే తలకట్టూ ఒత్తూ వదిలేసి గుండ్రటి భాగం, దానికంటే చిన్నగా ఉండకూడదు. తెలుగులో లోపలి పని ఎక్కువ కాబట్టి మూడో తరగతికి 3 మిల్లీమీటర్లు పెట్టుకోండి. ఫాంటును బట్టి 16 నుంచి 20 పాయింట్ల మధ్య ఎక్కడో వస్తుంది. అదే వరసలో ఇంగ్లీషు ఉంటే దాన్ని 85–90 శాతానికి దించండి, లేకపోతే ఇంగ్లీషు అరుస్తున్నట్టు, తెలుగు గొణుగుతున్నట్టు ఉంటుంది.

పలకా_బలపం
స్కేలు పెట్టి కొలిచా. నా ద 2.1 మిల్లీమీటర్లు! 14 పాయింట్ల గౌతమి. మరి లైన్ స్పేసింగ్ సంగతి?

కోడ్_కందిపప్పు
లైన్ హైట్ 1.5. వెబ్ ప్రమాణంలోనే ఉంది, డబ్ల్యూసీఏజీ 2.1, 2018. ఫాంటు సైజులో అక్షరాల ఎడం 0.12, పదాల ఎడం 0.16, పేరాల మధ్య రెండింతలు. అవే అంకెలు పెట్టేసుకోండి, చర్చ అయిపోయింది.

నూలుపోగు
అవ్వలేదు. ఆ నియమాన్ని తిరగేసి చదివారు. "పాఠకుడు తనంతట తాను ఈ అంకెల దాకా పెంచుకుంటే మీ పేజీ విరగకూడదు, అక్షరాలు కోసుకుపోకూడదు" అని దాని అర్థం. అందరూ అంతే పెట్టాలని కాదు. ఆ అంకెలు తెలుగును కొలిచి తెచ్చినవీ కావు. లైన్ హైట్ 1.5లో "రాష్ట్రం" పెట్టి దాని కింది వరసలో "కీర్తి" పెట్టి చూడండి. పై వరస ఒత్తు వెళ్ళి కింది వరస గుడిలో దూరుతుంది.

కోడ్_కందిపప్పు
పెట్టి చూశా. దూరింది. సరే, 1.5 వెనక్కి తీసుకుంటున్నా. 1.8 దగ్గర ఊపిరాడుతోంది, 1.9 హాయిగా ఉంది.

డీటీపీ_రామం
ఇక్కడ ఇంకో గొయ్యి. వెబ్‌లో 1.5 అంటే ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లు. వర్డ్‌లో 1.5 అంటే ఫాంటు తనలో రాసుకున్న సొంత వరస ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. తెలుగు ఫాంట్లలో ఆ సొంత ఎత్తే సైజు కంటే బాగా ఎక్కువ. అందుకే పలకా_బలపం గారికి వరసలు అన్నేసి తగ్గిపోయాయి. ఫాంటు మార్చినప్పుడల్లా అదే 1.5 వేరే కొలత ఇస్తుంది. కాబట్టి వర్డ్‌లో రెట్లు వదిలేసి "ఎట్ లీస్ట్" ఎంచి పాయింట్లు ఇవ్వండి. 18 పాయింట్ల అక్షరానికి 33, 34. వరస అడుగు నుంచి వరస అడుగుకు స్కేలు పెడితే 12 మిల్లీమీటర్లు రావాలి. ఏ4లో పైనా కిందా రెండున్నర సెంటీమీటర్ల మార్జిన్ వదిలితే ఇరవై వరసలు పడతాయి. ఫాంటు సొంత ఎత్తు 34 కంటే ఎక్కువైతే "ఎట్ లీస్ట్" దాన్నే పట్టుకుంటుంది, అప్పుడు వరసలు ఇంకా తగ్గుతాయి. అలా అయితే ఫాంటు మార్చండి.

"ఎగ్జాక్ట్‌లీ" మాత్రం ముట్టుకోవద్దు. తక్కువ అంకె పెడితే గుడులూ ఒత్తులూ కత్తిరించి పారేస్తుంది. తెర మీద కనబడి ప్రింటులో పోవడం, ప్రింటులో ఉండి తెర మీద పోవడం, రెండూ జరుగుతాయి.

గుంటూరుకారం
ఒత్తులు కోసేసిన తెలుగు... "అమ్మ" కాస్తా "అమ" అయి కూర్చుంటుంది

పలకా_బలపం
అనూ ఫైళ్ళలో ఒత్తు జరిగిపోవడానికి కారణం?

డీటీపీ_రామం
అనూ లాంటి పాత ఫాంట్లకు "అక్షరం" అన్నదే తెలీదు. ఒళ్ళు ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ట్రాకింగ్, అంటే అక్షరాల ఎడం పెంచితే ప్రతి ముక్క తర్వాతా ఎడం పడుతుంది. తలకట్టు పక్కకు, ఒత్తు ఇంకా పక్కకు. పేజ్‌మేకర్‌లో దీనికి వైద్యం లేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చండి, మార్చాక తప్పకుండా ప్రూఫు చూడండి. మార్పిడిలో రెండు ఒత్తులున్న చోట్లా, ఐత్వాల్లోనూ పొరపాట్లు దొర్లుతుంటాయి. ఐత్వం అసలే పైన ఒక ముక్క, కింద ఒక ముక్క.

యూనికోడ్‌లో ఎడం అక్షరం మొత్తానికి ఒక్కసారే పడుతుంది. ఇన్‌డిజైన్ అయితే సీఎస్6 నుంచి వరల్డ్ రెడీ కంపోజర్ ఉంది, పేరాకు అది ఎంచకపోతే తెలుగు చెదురుతుంది. ట్రాకింగ్ 50తో మొదలెట్టండి, అంటే సైజులో 5 శాతం. వర్డ్‌లో 18 పాయింట్ల అక్షరానికి "ఎక్స్‌పాండెడ్" 1 పాయింటు దాదాపు అంతే.

రెమిడియల్_వైజాగ్
అక్షరాల మధ్య ఎడం పెంచి పదాల మధ్య పెంచకపోతే మొదటికే మోసం. పదం ఎక్కడ ఆగిందో తెలీదు. బ్రిటిష్ వాళ్ళ సూచన: పదాల ఎడం అక్షరాల ఎడానికి కనీసం మూడున్నర రెట్లు. వర్డ్‌లో పదాల ఎడానికి ప్రత్యేకం మీట లేదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెండు పెట్టెల్లోనూ ఒక్క ఖాళీ కొట్టి, రీప్లేస్ పెట్టెకు ఫాంట్ ఫార్మాట్‌లో ఎక్స్‌పాండెడ్ 3 పాయింట్లు ఇచ్చి "రీప్లేస్ ఆల్" నొక్కండి. ఖాళీలు మాత్రమే సాగుతాయి.

కుడి అంచు సమం చేయకండి. తెలుగు పదాలు పొడుగు. వరసకు నాలుగు పదాలు పడి, వాటిని రెండంచులకూ లాగితే మధ్యలో కాలవలు పారతాయి. ఎడమకు ఆనించి వదిలేయండి.

నీలిరంగు_గాజు
ఇంత గొడవ ఎందుకు, లేత నీలం ప్లాస్టిక్ షీటు పేజీ మీద వేస్తే చాలు. రంగు కళ్ళద్దాలు కూడా దొరుకుతున్నాయి. చాలామందికి పనిచేసింది.

రెమిడియల్_వైజాగ్
2009లో అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. రంగు కళ్ళద్దాలకూ రంగు షీట్లకూ డిస్లెక్సియా చికిత్సగా శాస్త్రీయ ఆధారం లేదని అందులో రాశారు. వేల రూపాయలు పోసి కళ్ళద్దాలు కొనే ముందు అది చదవమనండి.

నీలిరంగు_గాజు
మరి అదే బ్రిటిష్ సూచనల్లో తెల్ల కాగితం వద్దు, మీగడ రంగో ఇంకో లేత రంగో వాడమని ఉంది కదా. అక్కడ రంగు ఒప్పు, ఇక్కడ తప్పా?

రెమిడియల్_వైజాగ్
మంచి ప్రశ్న. మెరిసే తెలుపు కళ్ళను ఇబ్బంది పెడుతుంది కాబట్టి మీగడ రంగు కాగితం సుఖం. అది సుఖం మాత్రమే, ఖర్చు కూడా రూపాయల్లోనే. దాన్ని చికిత్స అని అమ్మితేనే పేచీ.

డీటీపీ_రామం
కాగితం మాట వచ్చింది కాబట్టి: నిగనిగలాడేది వద్దు. పలచటి కాగితానికి రెండు వైపులా వేస్తే వెనక ఒత్తులు ముందుకు కనబడి లేని అక్షరాలు పుట్టిస్తాయి. వెనక వైపు ఖాళీగా వదలండి, లేదా మందం కాగితం తీసుకోండి.

చేంతాడు
నొక్కి చెప్పాల్సిన పదానికి ఏం చేయాలి? ఇప్పటిదాకా కింద గీత గీస్తున్నాం.

ఫాంట్ల_పిచ్చి
గీత ఒత్తుల గొంతు కోస్తుంది. "అన్న" కింద గీత గీస్తే న ఒత్తు మధ్యలోంచి పోతుంది. వాలు అక్షరం తెలుగు ఫాంట్లలో దాదాపు ఉండదు, సాఫ్ట్‌వేరే బలవంతంగా వంచుతుంది. బొద్దు అక్షరం వాడొచ్చు, కానీ నోటోలో సెమీబోల్డ్ దగ్గర ఆగండి. అన్నిటికంటే లావైన బ్లాక్ దాకా పోతే ఠ లోపలి చుక్క మూసుకుపోతుంది. అన్నిటికంటే మంచిది పదం వెనక లేత బూడిద రంగు పెట్టె.

అరసున్న
ఒక చిన్న గుర్తు గురించి ఎవరూ చెప్పలేదు. కనబడదు కాబట్టి. "సాఫ్ట్వేర్" అని కొడితే ఫ కింద ట ఒత్తూ వ ఒత్తూ రెండూ వేలాడతాయి. పిల్లవాడు దాన్ని ఎలా పలకాలి? "సాఫ్ట్‌వేర్" అని విడగొట్టాలంటే పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు ఉండాలి. వర్డ్‌లో 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్ తో ఎక్స్ నొక్కితే పడుతుంది. వర్క్‌షీట్, ఫుట్‌బాల్, హెడ్‌మాస్టర్ లాంటి మాటలన్నిటికీ చూసుకోండి. మూడో తరగతి పిల్లకు లేనిపోని జడ్డక్షరాలు ఒక్కో పేజీలో నాలుగైదు తప్పుతాయి.

కోడ్_కందిపప్పు
ఆ కనబడని గుర్తును తక్కువ అంచనా వేయకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన "జ్ఞా" సందేశంలో ఉన్నది అదే. జ, పొల్లు, ఞ, ఆ గుర్తు, దీర్ఘం వరసగా వస్తే ఫోను తట్టుకోలేకపోయింది. ఐఓఎస్ 11.2.6 వచ్చాకగానీ తేరుకోలేదు.

బండి_ఱ
జ్ఞానం ఎక్కువైతే ఎవరైనా కూలతారు

చేంతాడు
ఒత్తును మాత్రం వేరే రంగులో చూపించాలి. "చెట్టు"లో ట ఒత్తు ఎరుపు. సెలెక్ట్ చేస్తే అక్షరం మొత్తం రంగు మారుతోంది, విడగొడితే చుక్కల గుండ్రం వస్తోంది.

నూలుపోగు
టెక్స్టుగా ఉన్నంత కాలం అంతే. ఒత్తు ఒంటరిగా నిలబడదు, ఆధారం లేదని చెప్పడానికే ఆ చుక్కల గుండ్రం. బొమ్మ చేయాలి. ఇంక్‌స్కేప్‌లో పదం కొట్టి, సైజు ఖాయం చేసుకుని, పాత్ మెనూలో "ఆబ్జెక్ట్ టు పాత్". తర్వాత అన్‌గ్రూప్. చాలా ఫాంట్లలో ఒత్తు అప్పటికే విడి ముక్కగా వస్తుంది, రంగు వేసేయడమే. రాకపోతే "బ్రేక్ అపార్ట్". అది కొడితే లోపలి గుండ్రాలు కూడా విడిపోయి అక్షరం ముద్దలా పూడిపోతుంది. భయపడకండి. ఒళ్ళు, దాని లోపలి గుండ్రం రెండూ కలిపి సెలెక్ట్ చేసి "కంబైన్" కొడితే రంధ్రం తిరిగొస్తుంది. మార్చే ముందు టెక్స్టు నకలు ఒకటి పేజీ పక్కన ఉంచుకోండి, తర్వాత తప్పు దిద్దడానికి.

రెమిడియల్_వైజాగ్
రంగు ఒత్తు మొదటి రెండు మూడు వారాలకే. పాఠ్యపుస్తకంలో ఎరుపు ఒత్తులు ఉండవు. ఎరుపు, తర్వాత బూడిద, తర్వాత నలుపు అని దించుకుంటూ రండి. ఇంకోటి, మూడో తరగతి పిల్ల ఒత్తుల దగ్గర తడబడితే వెంటనే డిస్లెక్సియా లెక్కలో వేయకండి. హల్లులు 36, గుణింతాలే ఐదు వందల దాకా, ఆ పైన ఒత్తులు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పనిలోనూ అక్షరాలన్నీ పట్టుబడడానికి ప్రాథమిక తరగతులు చాలా వరకు పడుతుందని తేలింది. ఆ లిపి మన లిపికి అక్కచెల్లెలు.

గుంటూరుకారం
అయితే ఒత్తుల్లేని మాటలతోనే వర్క్‌షీట్లు చేస్తే పోలా?

రెమిడియల్_వైజాగ్
ఒత్తుల్లేకుండా పది వాక్యాలు రాయండి చూద్దాం. అమ్మ, అన్నం, చెట్టు, పిల్లి, ఇల్లు అన్నీ పోతాయి. ద్విత్వాలు ముందు తీసుకోండి, పై అక్షరమూ ఒత్తూ ఒకటే ధ్వని. వాటిలోనూ క్క, ట్ట, ప్ప లాంటివి ముందు. త, న, మ, య, ర, ల ఒత్తులు తమ అక్షరాన్ని పోలి ఉండవు, విడిగా నేర్పాలి. స్త్రీ, రాష్ట్రం లాంటివి చిట్టచివర.

ఫాంట్ల_పిచ్చి
ఇంతకీ ఫొటోకాపీ అన్నారు కదా. తెర మీద ఫాంటు ఎంచకండి. ఈ వరస కొట్టండి: ద ధ థ, డ ఢ, ర ఠ, ప ఫ ష స, వ మ వు, ఘ ఝ, కి కీ, తె తే, రాష్ట్రం. మూడు ఫాంట్లలో, ఒళ్ళు 3 మిల్లీమీటర్లు వచ్చేట్టు సైజులు సరిచేసి, ఒకే కాగితం మీద ప్రింటు తీయండి. ఆ ప్రింటుకు జిరాక్సు, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్సు. మూడో తరం కాగితంలో థ చుక్క, ఢ గీత ఏ ఫాంటులో బతికి ఉంటే అదే మీ ఫాంటు.

వాదోపవాది
పరీక్ష పేపర్లు చిన్న అక్షరాల్లో రెండు కాలమ్‌లుగా వస్తుంటే వర్క్‌షీట్లలో ఈ ముద్దులన్నీ ఎందుకు? చివరికి అదే చదవాలి కదా.

రెమిడియల్_వైజాగ్
2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్ళకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనం అని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. పెద్ద అక్షరాల పేపరు కావాలంటే పరీక్ష రోజున కాదు, దరఖాస్తు నాడే రాతపూర్వకంగా అడగాలి. ఇక వాదన సంగతి: నేర్చుకునేటప్పుడు అడ్డం తీస్తాం, పట్టు వచ్చాక ఎడం మెల్లగా తగ్గిస్తాం. ఈతకొట్టడం నేర్పేది వరదలో కాదుగా.

పలకా_బలపం
జిరాక్సు పరీక్ష చేశా. గౌతమి రెండో తరంలోనే ఢ గీత పోగొట్టుకుంది. నోటోలో అన్నీ నిలిచాయి. హింద్ గుంటూరులో మీడియం నిలిచింది, లైట్ పోయింది. నోటో 18 పాయింట్లు, వరసలు 34, ఎడం 1, ఖాళీలు 3. ఇంకో చిక్కు మిగిలింది. "చదువుకుంటున్నప్పుడు" లాంటి మాట వరస చివర పట్టక మొత్తం కిందికి దూకుతోంది, పైన సగం వరస ఖాళీ.

నూలుపోగు
ఖాళీ ఉండనివ్వండి, మాటను విరవకండి. వరసకు ఇంగ్లీషులో 60–70 అక్షరాలు అంటారు, మనకు ఆ లెక్క పనికిరాదు. 18 పాయింట్లలో వరసకు నాలుగైదు మాటలు చాలు. ఎంటర్ మీరే అర్థం ఆగే చోట కొట్టండి: "రాము చెట్టు కింద / చదువుకుంటున్నప్పుడు / వాన మొదలైంది". పొడుగు మాటను ఒక వరస మీద ఒంటరిగా నిలబెట్టినా తప్పు లేదు. మామూలు ఎంటర్ కాకుండా షిఫ్ట్ ఎంటర్ కొడితే పేరా ఎడం మధ్యలో దూరదు.

చేంతాడు
వరస తప్పిపోయే పిల్లలకు నల్ల అట్టలో కిటికీ కోసి ఇస్తాం కదా, దానికి కొలత ఎంత? మేం కోసినదాంట్లో పై వరస ఒత్తులు తొంగి చూస్తున్నాయి.

డీటీపీ_రామం
వరసలు 12 మిల్లీమీటర్లయితే కిటికీ ఎత్తు 11. పై అంచు గుడి మీద ఆనాలి, కింది అంచు రెండో ఒత్తు కింద. వరసలు ఇరుకైతే ఏ కొలతా కుదరదు, గుడి కనబడేలా కోస్తే పై వరస ఒత్తు కనబడి తీరుతుంది. పొడవు 17 సెంటీమీటర్లు, కుడి వైపు కోయకుండా రెండు సెంటీమీటర్లు వదలండి, పట్టుకోవడానికి. కంప్యూటర్‌లో అయితే ఎడ్జ్ బ్రౌజర్ ఇమ్మర్సివ్ రీడర్‌లో లైన్ ఫోకస్ ఉంది, ఒకటి, మూడు, ఐదు వరసలు.

బండి_ఱ
ఎడమచేతి వాటం పిల్లలకు?

డీటీపీ_రామం
అట్టను తిప్పి పెట్టండి. కిటికీని నిలువునా సరిగ్గా మధ్యలో కోసి ఉంటేనే తిరగేసినా సరిపోతుంది, అది చూసుకుని కోయండి.